లెక్కకు రాని ఒక్క పౌండు గాలి

మోటార్‌సైకిల్ వెనక భాగాన్ని స్ప్రింగులు కాకుండా గాలి మోస్తుందంటే మొదట నేనూ నమ్మలేదు. ఆయిల్ డబ్బుతో దోహా రోడ్ల మీదికి రోజుకో కొత్త రకం బండి దిగుతున్న కాలం. మా గ్యారేజీ ముషైరిబ్ వెనక సందులో. మదీనత్ ఖలీఫా నుంచి ఒక ఖతరీ పెద్దాయన దూరప్రయాణాల బండి ఒకటి తెచ్చాడు. వెనక చక్రానికి అటూ ఇటూ కుదుపులు ఆపే రెండు షాకులు, వాటిలో గాలి, రెంటినీ కలుపుతూ సన్నటి పైపు, గాలి కొట్టడానికి సైకిలు ట్యూబుకున్నట్టే ఒక వాల్వు. లోపలి ఒత్తిడి నలభై పౌండ్లు ఉండాలి. ఆయన రోజూ పొద్దున్నే సొంత గేజీ పెట్టి చూసుకునేవాడు. రోజూ కొంత తగ్గేది. వారం తిరిగేసరికి బండి వెనక్కి కుంగేది.

మా ఫిట్టరు నరసాపురం వైపు మనిషి, నాకన్నా పదేళ్లు పెద్ద. రెండుసార్లు విప్పి, గాలి బయటికి పోకుండా ఆపే షాకుల సీళ్లు మార్చాడు. రెండుసార్లూ బండి వారానికే తిరిగొచ్చింది. మూడోసారి ఫోర్‌మన్ దాన్ని నా ముందుకు తోయించాడు.

నేను జగిత్యాల దగ్గరి ఊరి నుంచి ట్రక్కు టైర్ల పంక్చర్లు వేయడానికి వచ్చినవాణ్ని. ఏడో తరగతితో బడి ఆగింది. లెక్కలు మాత్రం ఆగలేదు, అవి నేనే నేర్చుకున్నాను. టైర్ల యార్డు నుంచి ఈ బళ్ల పనిలోకి వచ్చి అప్పటికి నెల.

"నీకు గాలి పని తెలుసుగా" అన్నాడు ఫోర్‌మన్ హిందీలో. ఆయనది లాహోర్. "శనివారం ఆయనొస్తాడు. అప్పటికి కాకపోతే, యల్లా, మళ్లీ యార్డుకే."

యార్డంటే రోజంతా ఎండలో, కాలిన రిమ్ముల మధ్య. నాకు అక్కడికి పోవాలని లేదు.

వాల్వు మీద, సీళ్ల చుట్టూ, పైపు పొడుగునా సబ్బునురుగు పూశాను. ఒక్క బుడగ లేవలేదు. ఇక నాకు చేతనైన పని మొదలుపెట్టాను. ఎండలో గాలి వేడెక్కితే అంకె పెరుగుతుందని పంక్చర్ పనిలోనే తెలుసు కనక బండిని నీడలోంచి కదపలేదు. గంటకోసారి గేజీ పెట్టి, వచ్చిన అంకె అట్టముక్క మీద రాశాను. ఎనిమిదికి నలభై. తొమ్మిదికి ముప్పై ఏడు. పదికి ముప్పై నాలుగు. తర్వాత ఒక ట్రక్కు పని తగిలి మూడు గంటలు ఇటు రాలేదు. వచ్చి చూస్తే ముప్పై రెండు.

గంటకు మూడు పోయేది, మూడు గంటలకు రెండే పోయిందా?

మళ్లీ నలభై నింపి, ఈసారి గడియారం చూడకుండా వరసగా ఐదుసార్లు గేజీ పెట్టాను. నలభై, ముప్పై ఏడు, ముప్పై నాలుగు, ముప్పై రెండు, ఇరవై తొమ్మిది. రెండు నిమిషాలు కూడా కాలేదు.

లారీ టైరులో బోలెడు గాలి. గేజీ గొట్టంలోకి గుక్కెడు పోయినా తెలియదు. ఈ షాకుల్లో ఉండేదే గ్లాసెడు. పెట్టిన ప్రతిసారీ గేజీ తన వాటా తీసుకుంటోంది.

"ఏంటయ్యా లెక్కల మేష్టారూ, గేజీ గాలి తాగేస్తోందంటావా?" అన్నాడు ఫిట్టరు.

"అవునన్నా. చూసినకొద్దీ పోతున్నది. నీ సీళ్లు మంచిగనే ఉన్నయ్."

"ఈ మాట ఫోర్‌మన్‌తో అనకు. నవ్వి చస్తాడు."

అన్నాను. ఫోర్‌మన్ నవ్వాడు కూడా. "చూస్తే గాలి పోతుందా? నజర్ తగిలిందా బండికి?"

గురువారం సాయంత్రం నలభైకి నింపి, గోడ మీద సుద్దతో 37 అని రాశాను. శనివారం పొద్దుటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు, అప్పుడు వచ్చేది ఆ అంకేనని చెప్పాను. శుక్రవారం సెలవు. మేమంతా ఉండే క్యాంపులో నాకు కాలు నిలవలేదు.

"పోనీ ఒక్కసారి వెళ్లి చూసొస్తావా?" అని ఫిట్టరు గిల్లాడు.

"చూస్తె మూడు పోతయన్నా."

శనివారం పెద్దాయన ముందే వచ్చి కూర్చున్నాడు. గేజీ పెట్టాను. ముప్పై ఆరు.

"శభాష్!" అన్నాడు ఫోర్‌మన్. "ముప్పై ఆరయితేనేం, ముప్పై ఏడయితేనేం. నువ్వే గెలిచావు. బండి ఇచ్చేయ్."

యార్డు తప్పింది. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ నేను రాసింది ముప్పై ఏడు. ముప్పై ఆరు గంటల్లో ఒక పౌండు పోతే నెలకు ఇరవై.

"ఇవ్వను. ఒక పౌండు లెక్క తేలలేదు" అన్నాను.

"దిమాగ్ ఖరాబ్ హై?"

పెద్దాయన ఫోర్‌మన్‌ను చేత్తో ఆపి, చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. చెబుతుంటేనే నాకు తట్టింది. నేను సబ్బు పూసింది స్టాండు మీదున్న ఖాళీ బండికి. మనిషి ఎక్కితే షాకులు నొక్కుకుని లోపల ఒత్తిడి పెరుగుతుంది, కనపడనంత సన్నటి లీకైనా బయటపడుతుంది. మా అందరిలోకి బరువైన మనిషి ఆయనే.

"సార్, మీరు ఎక్కి కూర్చోవాలి."

ఫోర్‌మన్ ముఖం పాలిపోయింది. పెద్దాయన ఒంటి మీది తెల్లటి పొడుగాటి తోబ్ మోకాళ్లదాకా ఎత్తిపట్టి ఎక్కి కూర్చున్నాడు. బండిని స్టాండు మీంచి దించి నిలబెట్టి, నురుగు పూసి, ఊగమన్నాను. ఊగాడు.

"అదుగో!" ఫిట్టరు అరిచాడు. ఎడమ షాకుకు పైపు బిగించిన నట్టు దగ్గర శనగగింజంత బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది.

నట్టు విప్పితే లోపలి రబ్బరు రింగు మీద వెంట్రుకంత గాటు. ఫిట్టరు దాన్ని వేలికి తొడిగి చూసి, ఫోర్‌మన్ ముందే అన్నాడు: "ఈ రింగు నేను మార్చలేదు. రెండుసార్లూ పాతదే వేశాను." ఆ మాట ఆయనంతట ఆయనే అనడం నాకు చాలా నచ్చింది.

కొత్త రింగు ఆయన చేతే వేయించి, మళ్లీ నలభైకి నింపాను. పదిహేను రోజులు గేజీ పెట్టొద్దని పెద్దాయనకు చెప్పి పంపాం.

పదహారో రోజు పొద్దున అదే వేళకు వచ్చాడు. గేజీ తీస్తుంటే ఫోర్‌మన్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ముందు చెప్పు. ఎంత?"

"ముప్పై ఏడు."

ముప్పై ఏడే. ఫోర్‌మన్ గేజీని వేలితో రెండుసార్లు తట్టి చూశాడు. ముల్లు కదల్లేదు. తర్వాత పదకొండేళ్లు, గాలి షాకుల బండి ఏది వచ్చినా నేరుగా నా దగ్గరికే పంపారు.