రాయిస్ టాకెట్ దాచుకున్న మడుగు

రాయిస్ టాకెట్ ఎలాంటివాడో తెలుసుకోవాలంటే వాళ్ళక్క లొరీన్‌నే అడగాలి. ఊళ్ళో మిగతావాళ్ళు మొహమాటానికి పోయి, "మంచి చేపల వేటగాడండీ, నది వాడికి కొట్టిన పిండి" అంటారు. లొరీన్‌కి ఆ మొహమాటం లేదు. "తోడబుట్టాడు గనక భరిస్తున్నాను. లేకపోతే ఆ మొహాన్ని గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు" అంటుంది, వాడు పక్కనే కూచుని కాఫీ తాగుతున్నా సరే.

వాడూ ఏమీ అనుకోడు. అనుకోవడానికి సిగ్గుండాలిగా.

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం ఉత్తరాన, ఆనకట్టకు దిగువన, లొరీన్‌కీ ఆమె భర్త డెల్బర్ట్‌కీ ఒక పడవల రేవుంది. ట్రౌట్ చేపల వేటకొచ్చే పట్నం జనానికి పడవలు అద్దెకిస్తారు, ఆ పడవలకు దారి చూపేవాడు రాయిస్. అక్కడ నది దేవుడి చేతిలో లేదు, ఆనకట్ట మీద మీట నొక్కేవాడి చేతిలో ఉంది. కరెంటు కావలసినప్పుడు మిషన్లు తిప్పి నీళ్ళు వదుల్తారు, అక్కర్లేనప్పుడు ఆపేస్తారు. ఆపితే మోకాలి లోతున నడిచిపోవచ్చు. వదిలితే ఆ చోటే మనిషిని ఈడ్చుకుపోతుంది. అందుకే వసంతం వస్తే చాలు, ఫోను మోగడం మొదలు. "ఏమండీ, ఎన్ని మిషన్లు తిప్పుతున్నారు?" ఇదొక్కటే ప్రశ్న.

లొరీన్ ఫోనెత్తితే ఉన్నది ఉన్నట్టు చెప్పేది. "వానలు పడి ఆనకట్ట వెనక చెరువు నిండింది, అన్నీ తిప్పుతున్నారు, రాకండి." అదే రాయిస్ ఎత్తితే, "రండి సార్ రండి! నది అద్దంలా ఉంది, చేపలు తినే ఈగలు లేస్తున్నాయి, చేపలు పడవలోకి ఎగిరి దూకుతున్నాయి!" పాపం, వాళ్ళు నీళ్ళలో దిగే కొత్త రబ్బరు లాగులు తొడుక్కుని మెంఫిస్ నుంచి పడుతూ లేస్తూ వస్తారు. వచ్చి చూస్తే చెట్ల మొదళ్ళు మునిగి, నీళ్ళు బురద రంగులో ఉరుకుతుంటాయి. అప్పుడు వీడు టోపీ వెనక్కి నెట్టి, "అయ్యో, మీరు నిన్న రావాల్సింది సార్!" అంటాడు. ఏళ్ళ తరబడి అదే మాట, అదే టోపీ. వాడి నది అంతా నిన్ననే ఉంటుంది.

పైగా ఎంత పొగరు! మొక్కజొన్న గింజ గుచ్చి చేప పట్టేవాళ్ళను చూస్తే వాడికి ఒళ్ళు మంట. "అది వేటా? కోళ్ళకు మేత వేయడం" అని మూతి తిప్పుతాడు. ఈకలూ దారమూ కట్టి ఈగలా చేసిన ఎరతో పడితేనే మగాడట. ఓసారి లొరీన్ వాడి బండి కడుగుతుంటే సీటు కింద మొక్కజొన్న డబ్బా దొరికింది, మూత తీసిందే. "ఇదేమిట్రా పోటుగాడా?" అంటే, "సూపు చేసుకుందామని అక్కా" అన్నాడు, కన్నార్పకుండా. ఇలాంటివాడితో కాపురం ఎవరు చేస్తారు? మొదటి పెళ్ళాం చెప్పకుండా పోయింది. రెండోది చెప్పి, తిట్టి, కుక్కను కూడా తీసుకుని పోయింది.

వాడికి ఈ లోకంలో ప్రేమంటూ ఉంటే అది ఒక మడుగు మీద. ఎక్కడో ఎగువన ఉందని అందరికీ తెలుసు, ఎక్కడో ఎవరికీ తెలీదు. అందులో ఒక పెద్ద గోధుమరంగు ట్రౌట్ ఉందట. బండిని దేవదారు చెట్ల చాటున దాచి, దొంగలా వంగి వెళ్ళేవాడు. సొంత బావక్కూడా చెప్పలేదు.

ఆ బావ డెల్బర్ట్ వీడికి పూర్తిగా ఎదురు. మాట తక్కువ, మనసు మెత్తన. రాయిస్‌ని ఎవరైనా తిడితే, "పోనిద్దూ, కుర్రాడు" అనేవాడు. కుర్రాడికి జుట్టు నెరిసి మోకాళ్ళు అరిగిపోయినా అదే మాట. ఆ ఏడు శీతాకాలంలో డెల్బర్ట్ గుండె దెబ్బతింది. డాక్టరు లొరీన్‌ని పక్కకు పిలిచి, వచ్చే శీతాకాలం చూడడని చెప్పేశాడు. డెల్బర్ట్‌కి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. అన్నాళ్ళూ చర్చి గడప దాటని మనిషి, తనకు బాప్తిస్మం కావాలన్నాడు.

హాస్కెల్ పాస్టరుగారు సంతోషపడి, "మన చర్చిలో వేడినీళ్ళ తొట్టి ఉంది, మీ ఆరోగ్యానికి అదే మంచిది" అన్నారు.

"ఆ పశువుల తొట్టిలోనా? వద్దండీ. ఇన్నాళ్ళూ నది పెట్టిన తిండి తిన్నాను. నదిలోనే మునుగుతాను. ఈస్టర్ నాడు" అన్నాడు డెల్బర్ట్. లొరీన్ ఎంత చెప్పినా వినలేదు. మిగిలిన ఒక్క కోరికా అదే అయినప్పుడు, భార్య మాత్రం ఎంతని కాదంటుంది?

నదిలో బాప్తిస్మం అంటే ముందు వేటగాణ్ణి అడగడం ఆ ఊరి ఆనవాయితీ. ఎప్పుడు దిగాలో, ఎక్కడ దిగాలో వాడే చెప్పాలి. లొరీన్, డెల్బర్ట్ పక్కనుండగానే పాస్టరుగారు చర్చి మెట్ల మీద రాయిస్‌ని అడిగారు. వాడు ఛాతీ విరుచుకున్నాడు.

"ఈస్టర్ నాడు కరెంటుతో ఎవడికి పని? తెల్లారగట్ల కాసేపు తిప్పి, ఇక రోజంతా ఆపేస్తారు. నది అద్దంలా ఉంటుంది."

"అయితే ఎప్పటిలా ఎగువన పైరేవులోనే దిగుదామా?"

"పైరేవు వద్దు" అన్నాడు రాయిస్, గభాల్న. "రాళ్ళకు పాచి పట్టింది, బావ జారిపడతాడు. కింద పాత మిల్లు దగ్గరికి పొండి. మెత్తని ఇసుక."

లొరీన్‌కి ఎక్కడో కలుక్కుమంది. "ఒరేయ్, తెల్లారగట్ల వదిలిన నీళ్ళు మిల్లు దాకా రావడానికి పొద్దెక్కదూ? సరిగ్గా మేం దిగే వేళకు వచ్చి మీద పడితే?"

"నది గురించి నువ్వు నాకు చెబుతావా అక్కా? అదంతా ఎప్పుడో దాటిపోతుంది."

"వాడికి తెలుసులే లొరీన్" అన్నాడు డెల్బర్ట్. తెలుసు. ఆ ముదనష్టపువాడికి బాగా తెలుసు.

ఈస్టర్ ఆదివారం ఎండ బాగా కాసింది. మిల్లు దగ్గర గట్టంతా తెల్లపూల చెట్లు. ఆడవాళ్ళు పందిమాంసం, గుడ్లు, బిస్కట్లు తెచ్చి బల్లల మీద సర్దారు. రాయిస్ రాలేదు. జలుబట. లొరీన్ రేవు మనుషుల అలవాటు కొద్దీ ఒక పుల్ల తీసి నీళ్ళ అంచున గుచ్చింది. పుల్ల తడిస్తే నీళ్ళు ఎక్కుతున్నట్టు.

తెల్లచొక్కా వేసుకుని డెల్బర్ట్ పాస్టరుగారి చెయ్యి పట్టుకుని దిగాడు. నీళ్ళు చల్లగా కొరుకుతుంటే నవ్వుతున్నాడు. ఒడ్డున పాట అందుకున్నారు. ఇద్దరూ నడుము లోతుకు వెళ్ళారు. పాస్టరుగారికి ప్రార్థన మొదలుపెడితే ముగించడం చేతకాదు, పాపం. మోషే దగ్గర మొదలుపెట్టారు.

లొరీన్ ముందు ఎండుటాకులు చూసింది. నది నడుమ బారులు తీరి వస్తున్నాయి. పుల్ల వైపు చూస్తే, అది నీళ్ళలో నిలబడి ఉంది. ఇంకోసారి చూస్తే పుల్లే లేదు.

"పాస్టరుగారూ! నీళ్ళొస్తున్నాయి! బయటికి రండి!"

పాట ఆగింది. పాస్టరుగారు వెనక్కి తిరిగేలోపు డెల్బర్ట్ కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. మనిషి బుడుంగున మునిగాడు. లొరీన్ పండగ గౌనుతోనే దూకేసింది. ఒడ్డున ఉన్న మగాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగారు. ఎవరు ఎవర్ని లాగారో తెలీదు గానీ, డెల్బర్ట్‌ని గట్టుకు చేర్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి, ఊపిరి ఉంది. బండిలో కూచోబెట్టి, హీటరు వేసి, బొంతలు కప్పారు.

కాస్త తేరుకున్నాక డెల్బర్ట్ అడిగిన మొదటి మాట, "పాస్టరుగారూ, నేను మునిగాను కదా. అయినట్టేనా?"

పాస్టరుగారు అబద్ధం ఆడలేరు. "నేనింకా బాప్తిస్మమిచ్చే మాట పలకలేదు డెల్బర్ట్" అన్నారు, తల దించుకుని.

డెల్బర్ట్ మొహం చూసి లొరీన్ ఏడ్చేసింది. సరిగ్గా అప్పుడు తగుదునమ్మా అంటూ దిగాడు రాయిస్. జలుబూ లేదు, గిలుబూ లేదు. మొహం వెలిగిపోతోంది. పందిమాంసం వాసనకు వచ్చాడో, గొప్పలు చెప్పుకుందామని వచ్చాడో, రెండు చేతుల్లోనూ చేప. నిజంగానే పెద్దది.

"చూడండర్రా! చూడండి! ఇన్నేళ్ళకు దొరికింది!"

"ఎక్కడ పట్టావురా?" అని బొంతల్లోంచి అడిగాడు డెల్బర్ట్.

"అది మాత్రం చెప్పను బావా. నీళ్ళు ఎలా ఉన్నాయనుకున్నావ్! అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు."

"పైరేవు పక్కనేగా?" అంది లొరీన్, కళ్ళు తుడుచుకుని. "మేం అక్కడికి వస్తే నీ చేప బెదిరిపోతుందని కిందికి తోలావు."

రాయిస్ అప్పుడు చూశాడు, అందరి బట్టలూ తడిసి ఉన్నాయని. "అరె, అప్పుడే వచ్చేశాయా నీళ్ళు? ఈ లోపల ముగించుకుని పోతారనుకున్నానే! ఈ పాస్టరుగారి ప్రార్థన ఇంతసేపు..."

"ఛీ" అంది లొరీన్. ఆ ఒక్క ముక్కకు మించి వాడి మీద మాటలు దండగ అనిపించింది ఆమెకు. జన్మలో వాణ్ణి చూసి అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

డెల్బర్ట్ బొంతలు పక్కకు నెట్టాడు. "పైన నీళ్ళు తక్కువగా ఉన్నాయన్నావుగా. పద. నన్ను అక్కడికి తీసుకెళ్ళు."

"నీకేమైనా మతి పోయిందా? మళ్ళీ ఆ చల్లనీళ్ళలో దిగితే చచ్చిపోతావు!" అంది లొరీన్.

"ఎలాగూ పోయేవాణ్ణేగా లొరీన్. సగంలో ఆగిపోయి పోలేను."

ఆమె తన చేత్తోనే అతనికి పొడి చొక్కా తొడిగింది.

రాయిస్ బండి ముందు, చర్చి బండ్లన్నీ వెనక. దారి తప్పిద్దామని వాడొకచోట ఆగాడు కూడా. లొరీన్ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. దేవదారు చెట్లు దాటి, గట్టు దిగి, ఊరు ఊరంతా ఆ మడుగు చుట్టూ నిలబడింది. పిల్లలు రాళ్ళు విసురుతున్నారు. నీళ్ళు కదలడం లేదు.

"రాయిస్, నువ్వూ దిగు. అటు పక్క పట్టుకో. అడుగు నీకే తెలుసు" అన్నాడు డెల్బర్ట్.

దిగాడు. ఒక పక్క పాస్టరుగారు, ఒక పక్క వాడు, నడుమ వణుకుతూ డెల్బర్ట్. ఈసారి పాస్టరుగారు మోషే జోలికి పోలేదు. చెయ్యెత్తి, "తండ్రి యొక్కయు..." అనబోతుంటే రాయిస్ ఒడ్డుకేసి మెడ తిప్పి, గొంతు తగ్గించి, "అక్కా, అక్కా! ఈ చోటు సంగతి బయట ఎవరికీ చెప్పొద్దని వీళ్ళకు కాస్త చెప్పవే" అన్నాడు.

చావుకు దగ్గరైన మనిషి వాడి మోచేతి మీద వేలాడుతున్నాడు. పాస్టరుగారు చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉంచి నోరు వెళ్ళబెట్టారు.

డెల్బర్ట్ నవ్వాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే, "చెప్పుకుంటే చెప్పుకుంటార్లేరా. ముందు నన్ను ముంచు" అన్నాడు.

ముంచారు. లేచాడు. గట్టు మీద అందరూ ఆమెన్ అన్నారు. రాయిస్ అనలేదు. ఎవడు బయటపెడతాడా అని ఒడ్డునున్న మొహాలన్నీ ఒక్కొక్కటే చూస్తున్నాడు. లొరీన్ నీళ్ళలోకి నడిచి వెళ్ళి, వాడి చెయ్యి తప్పించి, మొగుణ్ణి తన భుజం మీదికి తీసుకుంది.