నా చేయి వణకలేదు

ఎనభైల్లో కరీంనగర్‌లో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేదాన్ని. ఓసారి బాలికల పరుగు పందేలకు మా యజమాని నన్ను పంపుతూ, దూరం నుంచి తీసే టెలి లెన్స్ బిగించిన కెమెరా ఇచ్చాడు. గెలిచిన అమ్మాయిది జైనూర్ అనే ఊరు. ఆమె రిబ్బన్ తాకే క్షణంలో ముఖానికి సరిగ్గా ఫోకస్ చేసి తీశాను.

మర్నాడు తండ్రితో ఫొటో కోసం వచ్చిన ఆ పిల్ల బిక్కమొహం వేసింది. ఫొటోలో తన ముఖమంతా మసక.

"ఆడోళ్లకు కెమెరా ఇస్తే గిట్లనే. చేతులు వణికినయ్," అన్నాడు యజమాని వాళ్ల ముందే. పాపం, వాళ్లు ఉత్తచేతులతో వెళ్లిపోయారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చెయ్యి వణికితే ఫొటో అంత మసక రావాలె గద సార్! ఎనక నిలబడ్డోళ్లు గంత సాఫ్ ఎట్లొచ్చిండ్రు?" అని నిలదీశాను.

అదే లెన్స్ ఉన్న కెమెరాను స్టాండుకు బిగించి, మూడు సీసాలు ఒకదాని వెనుక ఒకటి కాస్త పక్కకు జరిపి పెట్టి, నడిమిదానికి ఫోకస్ చేసి తీశాను. ఫిల్మ్ కడిగితే వెనకాల సీసా ఒక్కటే స్పష్టంగా వచ్చింది.

అప్పుడు యజమాని నసిగాడు. "మొన్న కెమెరా స్కూటర్ మీదికెల్లి కింద పడ్డది. లోపలి అద్దం జరిగిందేమో. చెప్తే నువ్వు తీస్కపోవని చెప్పలే."

"గీ మాట గా పిల్లకు చెప్పుండ్రి," అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజే అక్కడ పని మానేశాను.

తప్పు తెలిసీ నా మీదికి నెట్టాడు, సరే. ఆ అమ్మాయి గెలిచిన క్షణం మాత్రం ఎవరి దగ్గరా లేకుండా పోయింది. అతని నవ్వును నేనింకా క్షమించలేదు.