ఇద్దరికీ ఒకటే ఈక

వీడియో గేములో మా అమ్మ ఎన్నిసార్లు గుంటలో పడి చచ్చిందో నేను లెక్కపెట్టడం మానేశాను. పడిన ప్రతిసారీ "అయ్యో, పాపం" అనేది, ఆ బొమ్మ ఇంకెవరిదో అయినట్టు. "నీదేనమ్మా ఆ బొమ్మ" అని నేను పళ్లు నూరేదాన్ని. అప్పుడు చేతిలోని రిమోట్ వంక చూసుకుని, "నాదేనా?" అని ఆశ్చర్యపోయేది.

నేను హిందూపురంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుని. కుట్టు మిషన్ల వరుస వెనకాల నిలబడి తొందరపెట్టడమే నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు గుమ్మం దగ్గర విడుస్తాను గానీ, ఆ గుణాన్ని అక్కడ విడవడం నాకు చేతకాదు. నిదానంగా కదిలే మనుషులను చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అలాంటి నా ఇంట్లో ఆ ఏడు అమ్మా నాయనా వచ్చి ఉండాల్సి వచ్చింది.

నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. స్కూటర్ మీద నుంచి పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. హిందూపురంలోనే ఆపరేషన్ చేయించాను. ఎముక అతికింది కానీ చెయ్యి భుజం దాకా లేవలేదు. కట్టు విప్పిన డాక్టరు, మగ్గం తాడు లాగే పని ఇక మరిచిపొమ్మన్నాడు. నాయన తల ఊపి, బయటికి వచ్చి, ఆసుపత్రి ముందు టీ తాగుతూ, "డాక్టరు మంచోడే పాపా" అన్నాడు.

ధర్మవరం ఇంట్లో మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది. వంకాయ రంగు చీర, పసుపు అంచు. చీర ఒక రంగు, అంచు ఇంకో రంగు అయితే ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. నేసే మనిషి మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని చెక్క తొక్కుతాడు, తాడు లాగుతాడు, పలకతో పోగును దగ్గరికి కొడతాడు. అంచు పక్కన పీట మీద ఇంకో మనిషి కూర్చుని, అతను తొక్కినప్పుడల్లా అంచు పోగు చుట్టి ఉన్న నాడెను లోపలికి వేయాలి. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ పీట మా అమ్మది. మా వీధిలో ఎవరిని అడిగినా, "ఆయన నేస్తాడు, ఆమె పక్కన కూచుంటాది" అనేవాళ్లు. అమ్మను అడిగినా అదే చెప్పేది.

పట్టు ఇచ్చి చీరలు తీసుకునే శావుకారు ఫోన్ చేశాడు. ఓబులదేవరచెరువు నుంచి ఒక మనిషిని పంపి ఆ చీర ముగించేస్తానని, మగ్గం మీద మిగిలిన పడుగు పోగులు కోయించి ఆ మనిషి మగ్గానికే ఇస్తానని అన్నాడు. తప్పేమీ లేదు, వ్యాపారం చేసుకునే మనిషి ఎన్నాళ్లని ఆగుతాడు? నాయన సరే అన్నాడు. అమ్మ మాత్రం, "చెయ్యి మారితే చీరలో గీత పడుతుంది" అంది. పలక కొట్టే బరువు మనిషి మనిషికీ వేరు, అది మారిన చోట పట్టు మీద సన్నగా గీత తేలుతుందట. నేను మొదట అదే నమ్మాను. కానీ అమ్మ భయం గీత గురించి కాదు. ఆ మనిషి వచ్చి వెళ్లాక మగ్గం ఖాళీ అవుతుంది. మగ్గం ఖాళీ అయితే దాని పక్కన పీటతో ఎవరికీ పని ఉండదు. ఆ మాట అమ్మ ఎప్పుడూ అనలేదు. హిందూపురం ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని, ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటుంటే నాకు అర్థమైంది.

ఒక ఆదివారం, ఆ చేతులను ఇక చూడలేక, వాటిలో ఒక రిమోట్ పెట్టాను.

గేము డబ్బా నాది. ఫ్యాక్టరీలో రోజంతా అరిచాక నన్ను నేను చల్లబరచుకోవడానికి కొనుక్కున్నాను. అందులో నేను ఆడేది ఒకటే ఆట. చిన్నప్పుడు ధర్మవరంలో పక్కింటి టీవీకి క్యాసెట్ తగిలించి ఆడిన ఆటే అది. అప్పటి నుంచి దానికి కొత్త కొత్త భాగాలు వస్తూనే ఉన్నాయి. బొమ్మలు నునుపెక్కాయి, సంగీతం మారింది, ఈక మాత్రం పోలేదు. బొమ్మ తలతో పెట్టెను గుద్దితే అందులోంచి ఒక తెల్ల ఈక అటూ ఇటూ ఊగుతూ దిగుతుంది. నేల తాకేలోగా అందుకుంటే బొమ్మకు రెక్కలొస్తాయి. పరిగెత్తి ఎగిరితే గుంటలు, ముళ్లు, శత్రువులు అన్నీ కిందే ఉండిపోతాయి. పదేళ్ల పిల్లగా ఆ ఈక దొరికినప్పుడు నాకు ఎంత సంతోషమో ఇప్పటికీ అంతే. కొత్త భాగంలో ఇద్దరు కలిసి ఆడవచ్చు. అయితే ఈక ఒకటే రాలుతుంది. ఎవరు ముందు అందుకుంటే వాళ్లే ఎగురుతారు. ఎగిరేవాళ్లు కావాలంటే రెండో బొమ్మను చంకన పెట్టుకుని దాటించవచ్చు.

నాది నీలం చొక్కా బొమ్మ, అమ్మది పసుపు చొక్కా. నేను దూకాక ఒక్క క్షణం ఆగి అమ్మ దూకేది. ఆ క్షణంలోనే కాలి కింది ఇటుక కూలిపోయేది.

"దూకుమా! నాతోపాటే దూకు! నిద్రపోతాండావా?"

"దూకుతానే ఉండా కదా పాపా."

"నేను దూకినాక దూకుతాండావు!"

మంచం మీద పడుకుని భుజానికి వేడినీళ్ల సంచి పెట్టుకున్న నాయన నవ్వాడు. "అది నిద్ర కాదు పాపా. మీయమ్మ నీ బొమ్మ కాలు సూస్తాంది. మగ్గం మీద నేను తొక్కకముందే నాడె యేస్తే పోగులు తెగిపోతాయి. నేను తొక్కేది సూసి యేస్తాది. అదే అలవాటు."

నేను తిరిగి చూశాను. నిజమే, అమ్మ కళ్లు నీలం చొక్కా మీదే ఉన్నాయి. తన బొమ్మ వంక చూడనే చూడటం లేదు.

"నీ బొమ్మను సూసుకోవాల కదమ్మా?" అన్నాను.

"నీది బాగుంటే నాది బాగుంటాది కదా" అంది.

నేను ఆట మళ్లీ మొదలుపెట్టాను.

ఈక సంగతీ అంతే. అది తన నెత్తి మీదకే దిగుతున్నా పక్కకు జరిగి నాకు వదిలేది. నేను తీసుకుని ఆమెను చంకన పెట్టుకుని ఎగిరేదాన్ని. అలా మోసుకుపోతే అమ్మకు భలే సరదా. "మెల్లగా పోనీ పాపా, కింద ఏముండాదో సూడనీ" అనేది. నాకు మెల్లగా పోవడం వస్తే కదా! గాల్లో నిలవాలంటే మీట నొక్కి వదలడం ఒక పద్ధతిలో సాగాలి. నేను దబదబా నొక్కేస్తాను. సగం దూరంలో రెక్కల బలం అయిపోయి ఇద్దరం కలిసి గుంటలో పడేవాళ్లం. "అయ్యో, పాపం" అనేది అమ్మ.

ఒక శనివారం మధ్యాహ్నం శావుకారు మళ్లీ ఫోన్ చేశాడు. మనిషి సోమవారం వస్తాడు, ఇంటి తాళం చెవి పక్కింట్లో ఇప్పించమన్నాడు. ఆ సాయంత్రం నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరి ముఖమూ బాగా లేదు. అన్నం తినమంటే తర్వాత అన్నారు. చేసేదేం లేక ఆట పెట్టాను.

అంతకుముందు వారం రోజులుగా మేము దాటలేని గుంట ఒకటి ఉంది. నేలన్నదే లేదు, ఎగిరే దాటాలి. దాని అంచుకు చేరేలోపు ముళ్ల బంతి ఒకటి తగిలి నా బొమ్మ చచ్చింది. నేను మళ్లీ బతకాలంటే అమ్మ బొమ్మ ఒక్కటే అవతలి జెండా దాకా చేరాలి. అమ్మ పెట్టెను గుద్దింది. ఈక ఊగుతూ దిగింది. అమ్మ పక్కకు జరిగి నిలబడింది. ఈక నేల తాకి మాయమైంది.

"తీసుకోవాల్సింది కదమ్మా!"

"నువ్వు వస్తావేమోనని."

"నేను సచ్చిపోయినాను. ఎట్లా వస్తాను?"

ఇంకో పెట్టె ఉంది. గుద్దింది. ఈక దిగుతోంది. అమ్మ వేలు మీట మీదే ఉంది కానీ నొక్కదు. అప్పుడు నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఏమే, పట్టుకోవే దాన్ని! యాడ సూస్తాండావు?"

"పడితేనో?"

"పడితే పడతావు. నేను పడలేదా?"

భుజం విరగ్గొట్టుకున్న మనిషే ఆ మాట అనేసరికి అమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మీట నొక్కి ఈకను అందుకుంది. పసుపు చొక్కా బొమ్మకు రెక్కలు వచ్చాయి. పరిగెత్తింది, ఎగిరింది. కింద ఏమీ లేదు. ఇక పడుతుందని నేను ఊపిరి బిగబట్టాను. పడలేదు. అమ్మ మీట నొక్కుతోంది, వదులుతోంది. తొందర లేదు, ఆలస్యం లేదు. టక్కు, టక్కు, టక్కు. నేను ఎన్నడూ నిలవలేనంత సేపు ఆ బొమ్మ గాల్లో నిలిచింది. నేను నోరు తెరుచుకుని టీవీనే చూస్తున్నాను. ఎందుకో నాయన వైపు తిరిగితే, ఆయన టీవీని చూడటం లేదు. నేల మీద అమ్మ కుడికాలి వంక చూస్తున్నాడు. మీట నొక్కినప్పుడల్లా ఆ కాలు నేలను తొక్కుతోంది. అది ఆయన మగ్గం మీద తొక్కే తొక్కుడే. చిన్నప్పటి నుంచీ ఆ శబ్దంలోనే నిద్రలేచిన నాకు అది తెలియకుండా ఎలా ఉంటుంది?

పసుపు చొక్కా జెండా దగ్గర దిగింది. దాని పక్కన నా నీలం చొక్కా బతికి లేచింది. అమ్మ రిమోట్ కింద పెట్టి చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పాపా, శావుకారికి ఫోన్ కలుపు."

కలిపాను. అమ్మ ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ అరుస్తుంది, ఆ రోజు అరవలేదు. "మనిషిని పంపించొద్దు, అన్నా. ఆ చీర నేనే నేస్తా. పడుగు కూడా కోసేది లేదు, మాకే ఉండనీ." అవతల శావుకారు ఏదో అన్నాడు. "ఆయన టీకి పొయ్యినప్పుడల్లా నేసింది ఎవరనుకుంటివి?" అంది అమ్మ.

ఫోన్ పెట్టేశాక నాయన గొంతు సవరించుకున్నాడు. "పక్కన ఎవరు కూచుంటారు? పాపకు రాదు."

"నువ్వుండావు కదా. ఎడమ చెయ్యి బాగానే ఉండాది."

నాయనకు కోపం వచ్చిందనే అనుకున్నాను. లేచి వాకిట్లోకి వెళ్లి వీధి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. అమ్మ పిలవలేదు. నాకేమో పరిగెత్తి వెళ్లి ఏదో ఒకటి చెప్పేయాలని ఉంది, అమ్మ కళ్లతోనే కూర్చోమంది. చివరికి నాయన లోపలికి వచ్చి, "పొద్దున ధర్మవరానికి ఏ బస్సు ఉండాది?" అని నన్ను అడిగాడు.

పొద్దున ముగ్గురం బస్సెక్కాం. పెనుకొండలో బస్సు ఆగినప్పుడు అమ్మ కిటికీలోంచి కొండను పైదాకా చూసి, "దీన్ని దాటాలంటే ఒక్క ఈక సాలదు" అంది. నాయన, "నన్ను కూడా మోస్తే అసలు సాలదు" అన్నాడు. ఆ ఇద్దరూ నవ్వుకోవడం విని చాలా నెలలైందని అప్పుడే గుర్తొచ్చింది.

ధర్మవరం ఇంటి తలుపు తీసి దుమ్ము దులిపాను. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి గుంతలోకి దిగింది. నాయన పీట మీద కూర్చున్నాడు. ఆయన మోకాళ్లకు అది మరీ చిన్నది, ఎటు మడిచినా కుదరలేదు. అమ్మ తొక్కింది. నాయన అప్పటికే నాడె వేసేశాడు. రెండు పోగులు తెగాయి. అమ్మ ముడివేసింది. మళ్లీ తొక్కింది. మళ్లీ ముందే వేశాడు. తొందరపడటం నాకు ఎవరి నుంచి వచ్చిందో ఆ రోజు తేలిపోయింది.

"నా మొగం సూడొద్దు. కాలు సూడు" అంది అమ్మ.

ఆయన వంగి ఆ కాలినే చూడటం మొదలుపెట్టాడు. ఆలస్యంగా వేశాడు, తర్వాత కాస్త ముందు వేశాడు, తర్వాత కుదిరింది. బెత్తెడు నేశాక ఆయన పాత నేత, కొత్త నేత కలిసే చోట వేలితో తడిమాడు.

"గీత కనపడతాందా?" అని అడిగింది అమ్మ.

"సన్నగా కనపడతాంది."

"కనపడనీలే."

మళ్లీ పలక చప్పుడు మొదలైంది. గడప మీద కూర్చుని నేను చూస్తున్నాను. ఎవరినీ తొందరపెట్టాలని అనిపించలేదు. కాసేపటికి నాయన, కాలి మీద నుంచి చూపు తిప్పకుండానే, చిన్న గొంతుతో అడిగాడు.

"ఇన్నేండ్లు ఈడ ఎట్లా కూచుంటివే నువ్వు?"

అమ్మ కాలు ఆగలేదు.

"నీ కాలు సూసుకుంటా కూచుంటి" అంది.

అమ్మ తొక్కాక, నాయన నాడె వేశాడు.