దానయ్య ఎత్తేసిన శనివారం

దుర్గిలో రేడియో దానయ్య ఇల్లెక్కడంటే పసిపిల్లలు కూడా చూపించేవాళ్ళు. ఎనిమిదో తరగతి తప్పి, ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలు చదివిపెడుతూ తిరిగే ఆ మనిషిని 1941లో పంచాయతీవాళ్ళు పిలిచి, సర్కారు ఇచ్చిన రేడియో పెట్టె అప్పజెప్పారు. అందులో మద్రాసు ఒక్కటే పలికేది. ఊళ్ళో కరెంటు లేదు, బ్యాటరీయే దిక్కు. అది దిగిపోతే నరసరావుపేట నుంచి ఇంకోటి రావాలి.

యుద్ధం ముదిరాక, మూడు వారాలకొకసారి వచ్చే బ్యాటరీ ఆరు వారాలకి గాని వచ్చేది కాదు. దానయ్య పనితనం అప్పుడు బయటపడింది. మద్రాసు వేళలు మద్రాసువి, దుర్గి వేళలు దుర్గివి అన్నాడు. రోజుకి అరగంట, అంతే. ఏ రోజు వార్తలో, ఏ రోజు పాటలో, ఏ రోజు సేద్యం కబుర్లో పలక మీద గళ్ళు గీసి రాసి, పెట్టె ఉన్న పంచాయతీ గది గుమ్మానికి తగిలించాడు. రంగు కొనే దారి లేక, బట్టలకి పెట్టే నీలిమందు కలిపి గోడ మీద జానెడు అక్షరాలతో ‘దుర్గి రేడియో’ అని రాశాడు. పెట్టె తిప్పేముందు గొంతు సవరించుకుని, “ఇది దుర్గి. ఇప్పుడు మద్రాసు మాట్లాడుద్ది” అని తనే ప్రకటించేవాడు. సగం చెక్కిన రాతి నందులకి ఆనుకుని కూర్చున్న ఊరి శిల్పులు, నువ్వు సెలవిచ్చిందాకా మద్రాసు నోరు మూసుకుని ఉంటదా అని ఎకసెక్కాలాడేవాళ్ళు. ఒకరోజు జ్వరంలో ఆ ముక్క చెప్పకుండా తిప్పితే, ఇయ్యాల రేడియో సప్పగా ఉందిరా అన్నదీ వాళ్ళే.

శనివారం సాయంత్రం పది నిమిషాలపాటు, దూరదేశాల్లో ఉన్న సిపాయిలు ఇళ్ళవాళ్ళతో మాట్లాడే కార్యక్రమం వచ్చేది. దానికి రాజమ్మ తప్పకుండా వచ్చేది. దానయ్య ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది, భర్త పోయాడు, కూలి చేసుకుని బతుకుతుంది. ఒక్కగానొక్క కొడుకు చిన్నప్ప సైన్యంలో లారీ తోలడానికి ఈజిప్టు వెళ్ళాడు. బైబిల్లో అన్నలు యోసేపుని అమ్మేసిన ఐగుప్తుకే నా బిడ్డా పోయాడని అనుకునేది. ఎనిమిది నెలలు ముందు వరసలో కూర్చుని వింది. ఎవరెవరి పిల్లలో మాట్లాడారు గాని చిన్నప్ప పలకలేదు.

1943లో మిరప కోతలొచ్చాయి. రాజమ్మ వారం రోజులు శావల్యాపురం వైపు కోతలకి వెళుతూ పంచాయతీ గది దగ్గర ఆగింది.

“దానయ్యా, ఈ శనారం పెట్టె తియ్యమాక నాయనా. నేనొచ్చినాక తియ్యి. ఉత్తరమొస్తే నేను వచ్చిందాకా నీ దగ్గర ఉండలా? ఆడి మాట కూడా లోపలే ఉంటది.”

మాట అలా నిలవ ఉండదని దానయ్యకి తెలుసు. చెప్పబోయాడు కూడా. కానీ చేతిలో పలక ఉంది. ఉన్న బ్యాటరీని ఇంకో పన్నెండు రోజులు ఈడ్చాలి. ప్రెసిడెంటు హనుమంతరావుకి యుద్ధం వార్తలు రోజూ కావాలి. ఏదో ఒకటి ఎత్తెయ్యక తప్పదు, ఏది ఎత్తేసినా ఊళ్ళో గొడవే. శనివారమైతే, అడిగే మనిషే వద్దంటోంది. ఎనిమిది నెలలు పలకనివాడు సరిగ్గా ఈ వారమే పలుకుతాడా?

“సరేలే పిన్నమ్మా” అన్నాడు. ఆమె అటు వెళ్ళగానే శనివారం గడిని తడిగుడ్డతో తుడిచేశాడు.

ఆ శనివారం దాటి మంగళవారం వచ్చింది. మాచర్ల షావుకారు వెంకటకృష్ణయ్య మిరపకాయల బేరానికి దుర్గి వచ్చాడు. ఆయన కొట్లో సొంత రేడియో ఉంది. మొన్న శనివారం మీ ఊరి పిల్లాడు మాట్లాడాడయ్యా అని తనే ఎత్తాడు. దుర్గి రాజమ్మ కొడుకు చిన్నప్పనని చెప్పుకున్నాడట. దానయ్య షావుకారు దగ్గరికి జరిగాడు. ఇంకా ఏమన్నాడని గుచ్చి గుచ్చి అడిగాడు. బాగున్నానన్నాడు, మోకాలి నొప్పితో కోతలకి పోమాకమ్మా అన్నాడు, అంతలో కొట్లోకి జనం వచ్చి మిగతాది వినలేదని షావుకారు చెప్పాడు.

తరవాతి శనివారం రాజమ్మ తలకి పోసుకుని, ఆదివారం చర్చికి కట్టే చీర కట్టుకుని వచ్చింది. దానయ్య పెట్టె తిప్పాడు. బళ్ళారి అతనొకడు, నెల్లూరు అతనొకడు మాట్లాడారు. పది నిమిషాలు అయిపోయాయి. జనం లేచిపోయారు. ఆమె లేవలేదు.

“ఇయ్యి ఈ వారానియ్యి. పోయిన వారానియ్యి తియ్యి అబ్బాయా.”

దానయ్య వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“అట్టా ఉండదు పిన్నమ్మా. ఎప్పటిది అప్పుడే పోద్ది. నువ్వడిగిన రోజే నాకు తెలుసు. బ్యాటరీ మిగులుద్దని నోరు మూసుకున్నా.”

షావుకారు చెప్పిందంతా పొల్లుపోకుండా చెప్పాడు. రాజమ్మ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. మిరప ఘాటుకి ఎర్రబడిన వేళ్ళతో మోకాలు పట్టుకుని, “నొప్పి సంగతి మర్చిపోలా ఆడు” అంది. గోడ పట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

అప్పట్నించి దానయ్య శనివారం గడి ముట్టుకోలేదు. వార్తలే రెండు రోజులు కోసేశాడు, ప్రెసిడెంటు చేత మాటలు పడ్డాడు. రాజమ్మ ప్రతి వారం వచ్చింది. చిన్నప్ప మళ్ళీ పలకలేదు. ముసురు పట్టిన రోజుల్లో సైన్యం నుంచి తంతి వచ్చింది. ఎక్కడో ఇసుకలో లారీ తిరగబడి పోయాడని. ఆ రెండు ఇంగ్లీషు వరసలు చదివి ఆమెకి చెప్పాల్సి వచ్చింది కూడా దానయ్యకే.

నెల తిరిగాక, రేడియో వేళ కాని వేళలో ఆమె పంచాయతీ గదికి వచ్చింది.

“ఆ షావుకారు ఆడి గొంతు ఎట్టా ఉందన్నాడు? బొంగురుపోయిందా, పోయేటప్పుడున్నట్టే ఉందా?”

అది అడగాలని దానయ్యకి తోచనే లేదు. మర్నాడు పొద్దున్నే మాచర్ల నడిచాడు. వెంకటకృష్ణయ్య, పాపం, త్రాసు పక్కన పెట్టి కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. రేడియోలో అందరి గొంతూ ఒక్కలాగే ఉంటదయ్యా, ఎంత తలుచుకున్నా రావడం లేదన్నాడు.

తిరుగు దారంతా దానయ్య ఒక మంచి మాట అల్లుకుంటూ వచ్చాడు. ఖంగుమని ఉందంట, మునపటికన్నా బాగుందంట అని. గడపలో కూర్చున్న ఆమె ముఖం చూశాక ఆ మాట పెగల్లేదు.

“గుర్తు లేదంట పిన్నమ్మా.”

రాజమ్మ లోపలికెళ్ళి ముంతతో నీళ్ళు తెచ్చింది.

“ఎండన పడి వచ్చావు. తాగు.”

దానయ్య నిలబడే తాగాడు.