ఇనుప వల బయట వేరు

నా డైరీల్లో కొట్టివేతలు ఉండవు. తప్పు రాస్తే దాని కిందే ఒప్పు రాయడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అలవాటు. అడవుల్లో చీడపురుగుల మీద పరిశోధన చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆ డైరీలన్నీ వరసగా చదువుతున్నాను. ఒక డైరీలో జనవరి నుంచి మే దాకా ప్రతి మంగళవారం ఒకే మాట ఉంది: "వలలు ఆరు. పెంకుపురుగులు లేవు."

చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే ఇసుక దిబ్బల మీద మా శాఖ జీడిమామిడి తోట ఉండేది. దాని పక్కనే ఒకామె తోట, నలభై చెట్లు. భర్త లేడు. ఆమె, ఆమె అత్త ఆ చెట్ల మీదే బతికేవారు.

జీడిమామిడికి వేరుపురుగు పడితే మొదట మొదలు దగ్గర బంక కారుతుంది, రంపపు పొట్టులాంటిది బయటికొస్తుంది. వంగి చూస్తే తప్ప అది కనిపించదు. ఆకు పసుపురంగుకు తిరిగాక అందరికీ కనిపిస్తుంది గాని, అప్పటికే పురుగు బెరడు కింద చుట్టూ తినేసి ఉంటుంది. ఆ చెట్టు ఇక బతకదు. దాన్ని వేర్లతో సహా పెకలించి కాల్చేయాలి. లేకపోతే లోపలి పురుగు పెంకుపురుగై బయటికొచ్చి పక్క చెట్లలో గుడ్లు పెడుతుంది. ఊరూరా తిరిగి ఈ మాట చెప్పింది నేనే.

ఆమె తోటలో ఆరు చెట్ల ఆకు తిరిగింది. ఆమె గొడ్డలి, గునపం తెచ్చుకుంది. నేను ఆపాను. ఈ తీరంలో పెంకుపురుగులు ఏ వారంలో బయటికొస్తాయో తెలిస్తే, మందు ఎప్పుడు పూయాలో రైతులకు చెప్పవచ్చు. అందుకు పురుగున్న చెట్లు నిలిచి ఉండాలి. మా తోటలోవి అప్పటికే తీసేశారు.

"తగలబెట్టమని నువ్వే చెప్తివి గదా సార్. ఇప్పుడు ఉంచమంటావేంది?" అంది.

"ఈ ఒక్క ఎండాకాలం ఉంచమ్మా. మొదలు చుట్టూ ఇనుప వల కడతాను. బయటికొచ్చినవి అందులోనే చిక్కుతాయి."

సన్న కన్నుల వలను నడుమెత్తు దాకా చుట్టి, కింది అంచును ఇసుకలో పూడ్చాను. ఆమె అత్త అరుగు మీద నుంచి చూసి నవ్వింది. "చిలకకి పంజరం కట్టేదాన్ని చూసినా. మా కోడలు పురుక్కి కట్టిస్తా ఉండాది!"

వారం వారం గూడూరు నుంచి జీపులో వెళ్లేవాణ్ణి. వలలు ఖాళీ. రాసుకుని వచ్చేవాణ్ణి. మార్చిలో ఒకరోజు ఆమె నన్ను చెట్టుకు అవతలి పక్కకు తీసుకెళ్లింది.

"గాలికి ఇసక కదిలిపోతా ఉండాది సార్. వేర్లు బయటపడినాయి, చూడు."

చూశాను. వేర్లు వల అంచు దాటి బారెడు దూరం తేలి ఉన్నాయి. ఆనాటి డైరీలో ఎప్పటి మాట కింద ఉన్నది ఇంతే: "ఇసుక కదిలింది. అంచులు మళ్లీ పూడ్చాను." వేర్ల మాట లేదు.

మే నెలలో, లోపలివి చచ్చిపోయి ఉంటాయని ఆమెకు చెప్పాను.

"అయితే కొట్టేద్దునా?"

"వచ్చే ఏడు కూడా చూస్తే గట్టిగా చెప్పగలను."

ఆమె నా మొహం చూసింది. చదువుకున్న సారు మాట కాదనలేక ఒప్పుకుంది.

వానలు వెళ్లాక మళ్లీ పోయాను. దూరం నుంచే తోట రంగు మారి కనిపించింది. నేను గుర్తు పెట్టిన ఆరింటిలో ఒకదాన్ని ఆమె నన్నడగకుండా పెకలించేసింది. దాని వేరు ఒకటి తెచ్చి నా కాళ్ల ముందు వేసింది. వేరు నిండా వేలు పట్టేంత కన్నాలు. గొడ్డలితో చీల్చి చూపించింది. లోపల పురుగు కట్టుకున్న తెల్లటి సున్నపు గూళ్లు. అన్నీ ఖాళీ.

"నీ వల్లో లేవు గానీ సార్, ఈడ ఉండినాయి."

నేను వల తడిమి చూసి రాసుకుంటున్న ఆ మంగళవారాల్లోనే, అవి బారెడు దూరంలో వేర్లలోంచి బయటికొచ్చాయి.

"ఎన్ని బతుకుతాయి సార్?"

మిగిలిన ముప్ఫై నాలుగు చెట్ల మొదళ్లూ ఉలితో చెక్కి చూశాను. పొద్దు వాలింది.

"పదకొండు," అన్నాను.

అత్త ఈసారి నవ్వలేదు. "వాటికి గూడా పంజరాలు కడతావా నాయనా?" అంది.

నాలుగు రోజులు పెకలించాం. నేనూ గునపం పట్టాను. జీడి కట్టె పొగకు కళ్లు మండాయి. ఆ రోజుల డైరీలో ఇలా ఉంది: "జనవరి నుంచి మే వరకు రాసినవి తప్పు. వేర్లు చూడలేదు. మరో ఇరవై మూడు చెట్లు పోయాయి." నివేదికలో కూడా అదే రాశాను. వలను వేర్ల మీద కూడా పరవాలని ఆ తర్వాత మా శాఖలో అందరికీ చెప్పారు. చెట్లు ఎవరివో డైరీలో లేదు, నివేదికలోనూ లేదు.

రిటైరయ్యే ముందు ఒక ఉదయం ఆ ఇంటికి వెళ్లాను. కోడలు లేదు. తెల్లవారకముందే రొయ్యల షెడ్డు వ్యాను వచ్చి పనికి తీసుకుపోతుందట, చీకటి పడ్డాక దించుతుందట. మిగిలిన పదకొండు చెట్లను తుపాను పడగొట్టింది. అత్త అరుగు మీద కూర్చుని కోళ్లకు నూకలు వేస్తోంది. కోళ్ల గూటికి కట్టినవి నా వలలే.

"కూచో నాయనా," అంది. "అది ఆదివారం గూడా ఇంట్లో ఉండదు."