సిలార్ చేయించిన మామిడి పై

సిలార్ మద్రాసులో ఒక దొర బంగళాలో వంటవాడు. చూపు మందగించాక, 1961లో వాకాడులోని ఇంటికి వచ్చేశాడు. ఆ వేసవిలో ఒకరోజు, దొరలు తినే 'మామిడి పై' అనే తీపి వంటకం ఎలా చేయాలో భార్య జైతూన్‌బీకి చెప్పాడు. ఆమె వెన్న కలిపిన మైదాపిండిని రొట్టెలా వత్తి గిన్నెలో పరిచింది. అందులో మామిడిపండు ముక్కలూ చక్కెరా నింపి, పైన మరో రొట్టె కప్పింది. గిన్నెను పొయ్యి మీద పెట్టి, మూత మీద నిప్పులు పోసింది.

కమ్మటి వాసన రాగానే, "ఇంక దించు," అన్నాడు సిలార్.

ఆమె ఒక ముక్క కోసి అతని చేతిలో పెట్టబోయింది.

"ముందు నువ్వు తిను. ఊళ్లోవాళ్లకంతా చేసి పెట్టినా గానీ, నీకు ఒక్కనాడూ పెట్టలేదు."

జైతూన్‌బీ తిన్నది.

"ఎట్టుంది?"

"కొంచెం అడుగంటింది. అయినా ఇంకో ముక్క తింటా."

సిలార్ నవ్వి, తన ముక్క కోసం చేయి చాచాడు.