రొయ్యలు ఏరే ఆమె మేజోళ్లు

దీవిలో ప్రార్థనకు వెళ్తుంటే, ఒడ్డు ఇంకా కొంత దూరం ఉందనగా, పులికాట్ సరస్సులో మా పడవ బురదలో దిగబడింది. అందరూ మోకాలి లోతు నీళ్లలోకి దిగారు.

“షుగరుందంటిరి గదమ్మా, ఆల్చిప్ప కోసిందంటే పుండు మానదు. జనం దిగినాక పడవ తేలింది, మిమ్మల్ని ఎనక్కి తీసకపోతా,” అన్నాడు పడవతను.

“ఎనక్కి పోయేదానికి రాలేదు నాయనా,” అంటూ కొత్త చెప్పులు బిగించాను.

మాతో పడవలో వచ్చిన, సరస్సులో రొయ్యలు ఏరే ఆమె పకపకా నవ్వింది. “వాటిని బురద లాగేసుకుంటాదక్కా! మేం దిగేది వీటితోనే,” అని రెండు జతల మందపాటి మేజోళ్లు ఇచ్చింది. నీళ్లలోకి మేజోళ్లా అనుకుంటూనే ఒకదానిమీద ఒకటి తొడిగాను.

“చెయ్యి పట్టుకోనా అమ్మా?” అన్నాడతను.

“నువ్వు పడవ చూసుకో!”

ప్రభువును తలుచుకుంటూ ఒక్కో అడుగూ వేశాను. ఒడ్డున మేజోళ్లు విప్పితే పాదాలకు ఒక్క గాటు లేదు. దేవునికి స్తోత్రం చెప్పి, ఆమెకూ దండం పెట్టి, తడి చీరతోనే వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను.